ఊపిరి బిగపట్టిన చొక్కా

పెద్ద బూరాయన గురించి చెప్పాలంటే ముందు ఆయన పొట్ట గురించి చెప్పాలి. ఏ గదిలోకైనా ముందుగా వచ్చేది అదే కనక కథలోకి కూడా దాన్నే ముందు రానిద్దాం. భుజాలు చూస్తే బడిపిల్లాడి భుజాలు. మెడ చూస్తే కొంగమెడ. ఆ రెంటి కిందా, ఎవరో వేరే మనిషి కోసం తయారుచేసి పొరపాటున ఈయనకు తగిలించినట్టు, నున్నగా, నిండుగా ఒక పొట్ట.

ఊరి బ్యాండులో అన్నిటికన్నా పెద్ద బూర ఆయనది. అది ఎంత పెద్దదంటే, ఒకసారి పార్కులో దాన్ని బోర్లించి మరిచిపోతే, వానకు తడుస్తున్న ఇద్దరు దారినపోయేవాళ్లు దాని కింద దూరి తలదాచుకున్నారు. వాన వెలిసేసరికి ప్రాణస్నేహితులై బయటికొచ్చారు. నమ్మేవాళ్లు నమ్మండి. నమ్మనివాళ్లు ఆ బూర కింద ఒకసారి కూచుని చూడండి.

ఇంత పెద్ద బూర ఉన్నా పాపం ఆయనకు పాటంటూ ఏదీ ఉండేది కాదు. వెనక వరసలో కూచుని, ముందు వరసవాళ్లు రాగాలు తీస్తుంటే "భోం... భోం..." అని అడుగు వేయడమే పని. తల నెరిసేదాకా ఆ భోం భోంలతోనే గడిచింది. ఇన్నాళ్లకు ఊరి ఏటిమీద కొత్త వంతెన కట్టారు. దాని ప్రారంభానికి బ్యాండు మాస్టారు కొత్త పాట కట్టాడు. అందులో ఒకచోట మిగతావాళ్లంతా ఆగిపోతారు. పెద్ద బూర ఒక్కటే పాడుతుంది. పాడి పాడి, చివర ఒక పొడుగు స్వరం తీసి, ఏటి అవతలి గట్టుదాకా పంపిస్తుంది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు బూరాయన ఇంటికి నడిచి వెళ్లలేదు, తేలుతూ వెళ్లాడు.

అడ్డంకల్లా గుండీల దగ్గర వచ్చింది.

బ్యాండుకు నీలం చొక్కాలు బజారులో కుట్టి అమ్మే రకం. మెడ దాకా గుండీలు. భుజాలకు సరిపోయేది కొంటే పొట్ట పట్టదు. పొట్టకు సరిపోయేది కొంటే భుజాలు మోచేతుల దగ్గరికి జారి, మనిషి చొక్కా తొడుక్కున్నట్టు కాక చొక్కాలో కాపురమున్నట్టు కనిపిస్తాడు. అందుకని భుజాలకు సరిపోయేది తొడుక్కుని పొట్టను దేవుడికొదిలేసేవాడు. మొన్న పార్కు కచేరీలో గట్టిగా ఊదేసరికి ఒక గుండీ తెగి, ఎగిరి, డప్పుమీద సరిగ్గా తాళానికి పడింది. డప్పాయన తను కొట్టని దెబ్బకు కూడా చప్పట్లు పుచ్చుకున్నాడు.

మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆయన సన్నగా, నిటారుగా, చేతిలో సన్నటి నిటారు కర్రతో ఉంటాడు. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలీదు.

"ఏమయ్యా, గుండీలు రాల్చే వాద్యం మన బ్యాండులో ఎక్కడైనా ఉందా?"

"లేదు మాస్టారూ."

"మరి నువ్వెందుకు వాయిస్తున్నావ్?"

బూరాయన పొట్టమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అడ్డం పెట్టడానికి ఒక చెయ్యి చాలలేదు.

"చూడు. వంతెన దగ్గర ఊరు ఊరంతా ఉంటుంది. ఒంటికి సరిపోయే నీలం చొక్కా ఒకటి సంపాయించు. పాట మొదలయ్యాక నీ ఒంటిమీద ఒక్క గుండీ ఊడినా, నీ వంతు వచ్చేసరికి నా కర్ర నీవైపు తిరగదు. మీ బావమరిదివైపు తిరుగుతుంది."

బావమరిది, అంటే బూరాయన భార్యకు తమ్ముడు, ముందు వరసలో క్లారినెట్ వాయిస్తాడు. ఆ మాట వింటూనే క్లారినెట్ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"బావా, ఏమనుకోకు గానీ, నీ చొక్కా నీకు సరిపోయిందానికన్నా నీ పాట నాకు బాగా సరిపోతుంది."

"నోరుముయ్యరా. అక్కతో చెప్తా."

"చెప్పు. నేను పుట్టినప్పట్నుంచీ అక్క నన్ను తిడుతూనే ఉంది. అలవాటే."

ఆ అక్కగారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆవిడ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. ఊళ్లో దగ్గినవాడూ, జారిపడ్డవాడూ, అటు పెద్ద ఉద్యోగస్థుడూ, ఇటు మూటలు మోసేవాడూ, ఆవిడ పలక్కు ఛాతీ ఆనించి నిలబడని మనిషి లేడు. "కదలకండి. ఊపిరి పీల్చండి. బిగపట్టండి." ఆ మూడు మాటలూ ఆవిడ గొంతులోంచి వస్తే ఎంతటివాడైనా స్తంభం అయిపోవలసిందే. ఒకసారి బజారులో తక్కెడ ఊగుతుంటే విసుగొచ్చి "కదలకండి" అంది. తక్కెడ సంగతి దేవుడెరుగు, కూరగాయల వరస మొత్తం ఆ చివర్నుంచి ఈ చివరిదాకా బిగుసుకుపోయింది.

బూరాయన ఆవిడకు మొదట కనిపించింది కూడా ఆ గదిలోనే. దగ్గు పట్టుకుని వెళ్లాడు. బిగపట్టమంది, బిగపట్టాడు. ఇంతలో పక్కగదిలోంచి ఎవరో పిలిస్తే వెళ్లింది. అక్కడ టీ ఇచ్చారు. తాగింది. కబుర్లు చెప్పింది. తిరిగొచ్చి చూస్తే మనిషి వంకాయ రంగు తిరిగి, ఇంకా బిగపట్టే ఉన్నాడు. ఇంత మాట వినేవాడు మళ్లీ దొరకడని ఆవిడ అక్కడికక్కడే నిశ్చయించుకుంది. పెళ్లి అయ్యాక కూడా ఆయన పద్ధతి మార్చుకోలేదు.

బూరాయన ఇంటికొచ్చి గోడు వెళ్లబోసుకున్నాడు.

"ఇంతేనా?" అంది భార్య. "దర్జీ కొట్లో కుట్టుమిషను తిప్పే పిల్ల మొన్న చెయ్యి విరిగి నా దగ్గరికొచ్చింది. అచ్చు సంగతంతా చెప్పింది. మనిషి ఒంటికి సరిపోయేలా ఒక్కసారి అట్టమీద అచ్చు కత్తిరించి పెట్టుకోవాలట. ఆ తర్వాత ఎన్ని చొక్కాలు కావాలన్నా ఆ అట్టను బట్టమీద పరిచి, చుట్టూ సుద్దగీత గీసి కత్తిరించుకోవడమే. అచ్చు సరిగ్గా ఉంటే చొక్కా దానంతటదే సరిగ్గా వస్తుంది."

"ఆ అచ్చులు అమ్ముతారా?"

"అమ్ముతారు. రేపు వెళ్దాం."

కుట్టు సామాను కొట్లో కాగితం అచ్చులు పొట్లాల్లో ఉన్నాయి. చిన్న, మధ్యరకం, పెద్ద. ఆవిడ మొగుణ్ణి దుకాణం మధ్యలో నిలబెట్టి, కాగితాలు ఒక్కొక్కటే ఒంటికి ఆనించి చూసింది. భుజాలు చిన్నలో ఉన్నాయి. మెడ మధ్యరకంలో ఉంది. పొట్ట దగ్గరికొచ్చేసరికి పెద్ద కూడా రెండు పక్కలా చేతులెత్తేసింది.

"ఏమండీ, పెద్దదాని తర్వాత ఏముంది?" అని కొట్టువాణ్ణి అడిగింది.

"దాని తర్వాత గుడారాల కొట్టుందమ్మా. ఈ వీధి చివర."

ఆవిడ కళ్లతోనే వాడికి ఒక ఎక్స్‌రే తీసి, గోధుమరంగు కాగితం చుట్ట ఒకటి, గట్టి అట్టలు, టేపు, సుద్దముక్కలు, రంగు తలల గుండుసూదుల డబ్బా కొనుక్కుని బయటికొచ్చింది. "మన అచ్చు మనమే గీసుకుందాం. ఒంట్లో ఎముకలు ఎక్కడున్నాయో నాకు తెలిసినట్టు దర్జీలకేం తెలుసు?"

అన్నం తినే బల్లమీద కాగితం పరిచారు. అత్తగారు, అంటే ఆవిడ తల్లి, కిటికీ పక్క కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూచుంది. బూరాయన బనీనుతో గది మధ్యలో నిలబడ్డాడు. భార్య టేపు తీసుకుని దగ్గరికొచ్చింది.

"కదలకండి. ఊపిరి పీల్చండి. బిగపట్టండి."

ఆవిడ నోరు అలవాటు కొద్దీ అంది. ఆయన ఒళ్లు అలవాటు కొద్దీ విన్నది. బూర ఊదేవాడి ఊపిరితిత్తులంటే మాటలా? ఛాతీ కోటగోడలా లేచింది. భుజాలు వెడల్పయ్యాయి. పొట్ట ఎక్కడికో వెనక్కి, తనకు కూడా తెలీని చోటికి వెళ్లి దాక్కుంది. ఆవిడ ఛాతీ, నడుము, భుజం, వీపు, మెడలోతు అన్నీ కొలిచి కాగితంమీద చుక్కలు పెట్టింది. ప్రతి కొలతకూ అవే మూడు మాటలు. కుట్టుపనిలో ఇదొక శాస్త్రం కాబోలనుకున్నాడు బూరాయన. మధ్యలో అడుగుదామనుకున్నాడు గానీ, ఊపిరి బిగపట్టినవాడు ఎలా అడుగుతాడు?

చంక గుండ్రం గీయడానికి గిన్నెమూత బోర్లించింది. గీసిన కాగితాన్ని కిటికీ అద్దానికి అంటించి, వెలుగులో వెనక్కీ ముందుకీ వెళ్లి చూసింది. ఆసుపత్రిలోలాగే ఒక మూల "కుడి" అనీ, ఒక మూల "ఎడమ" అనీ రాసింది. "ఎడమ భుజం కొంచెం కిందికుంది. బూర మోసి మోసి వచ్చింది. ఎముక బాగానే ఉంది, భయంలేదు."

"ఎముకలు కాదే, చొక్కా చూడు," అంది అత్తగారు.

అట్ట అచ్చు తయారైంది. ముందు పాత తెరగుడ్డతో ఒక నమూనా చొక్కా కుట్టింది. పెద్ద పెద్ద పువ్వుల తెర. తొడిగి అద్దం ముందు నిలబెట్టి, "కదలకండి, ఊపిరి..." అంటూ గుండీలు పెట్టింది. అతికినట్టు సరిపోయింది! అద్దంలో పువ్వుల తెర కట్టుకున్న సైన్యాధిపతి ఒకడు నిలబడి ఉన్నాడు.

"మీరింత అందంగా ఉంటారని నాకు ఇన్నాళ్లూ తెలీదండీ," అంది భార్య.

ఆయనకు ఏదో ఒక మంచిమాట అనాలనిపించింది. ముఖం ఎర్రబడింది. ఆవిడ సిగ్గనుకుంది. ఊపిరి అయిపోవచ్చింది, అంతే.

ఆ అచ్చుతోనే అసలు నీలంబట్ట కత్తిరించింది. గుండీలు మళ్లీ ఊడకుండా చేపలు పట్టే దారంతో కుట్టింది.

అందరూ కొత్త బట్టలు వేసుకుని వాయించే రిహార్సల్ రోజు వచ్చింది. ఆవిడ డ్యూటీకి వెళ్లిపోయింది. బూరాయన బ్యాండు గదిలో ఒక మూల చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు అందలేదు. భార్య ఎలా పెట్టిందో గుర్తు తెచ్చుకుని, ఊపిరి పీల్చి, బిగపట్టి, పెట్టుకున్నాడు. వదలగానే చొక్కా ఎక్కడో "కిర్రు"మంది. కొత్తబట్ట కదా, సర్దుకుంటుందిలే అనుకుని, పిచ్చుకలా చిన్న చిన్న ఊపిరి తీసుకుంటూ వచ్చి తన కుర్చీలో కూచున్నాడు.

"శభాష్!" అన్నాడు మాస్టారు. "ఇదయ్యా చొక్కా అంటే. ఎవరు కుట్టారు?"

"మా ఆవిడండీ," అన్నాడు, అంతకు మించి గాలి లేక.

బావమరిది ముఖం మాడిపోయింది.

పాట మొదలైంది. బూరాయన వంతు వచ్చింది. కళ్లు మూసుకుని, గుండె నిండా గాలి పీల్చి, ఊదాడు. లోపలి గాలి బూరలోకి పోగానే ఛాతీ దగ్గర చొక్కా, కర్ర తీసేసిన గుడారంలా కుప్పకూలింది. అదే సమయానికి పొట్ట, ఇన్నాళ్లూ దాక్కున్నచోటి నుంచి, "నేను కూడా ఉన్నాను" అన్నట్టు ముందుకొచ్చింది. చేపల దారం గట్టిది, తెగలేదు. బట్టే చిరిగి గుండీలు ముక్కలతో సహా లేచాయి. ఒకటి క్లారినెట్ మూతిలో దూరింది, అది "కుయ్" మంది. ఒకటి కంచు పళ్లెం మీద "టింగ్" మంది. పొట్టమీదది, అన్నిటికన్నా బలంగా ఎగిరినది, తిన్నగా వెళ్లి, "ఆపండి!" అని అరవబోతున్న మాస్టారి నోట్లో పడింది.

ఆయన "ఆప్..." అన్నాడు. తర్వాత "గుటుక్" అన్నాడు.

అందరూ వాద్యాలు కిందికి దించారు.

"మాస్టారూ," అన్నాడు బూరాయన నీరసంగా, "నీళ్లు తెమ్మంటారా?"

ఆసుపత్రిలో ఎక్స్‌రే ఆవిడ ఆ మధ్యాహ్నం ఒక సన్నటి మనిషిని పలక ముందు నిలబెట్టి మూడు మాటలూ అంది. ఫిల్ము వెలుగుకు ఎత్తి చూసింది. పొట్టలో గుండ్రంగా, నాలుగు కన్నాలతో, ఒక గుండీ. చుట్టూ తను వేసిన ముడి, కొసకు అంటుకున్న బట్టముక్క ఆకారంతో సహా. అంత వివరం ఫిల్ములో పడుతుందా అని అడక్కండి. ఆవిడకు కనపడింది.

"ఇది మా గుండీ!" అంది.

"మీదేనమ్మా," అన్నాడు మాస్టారు పళ్లు కొరుకుతూ. "మీ ఆయనతో చెప్పండి. ఇదే ఆఖరి అవకాశం. వంతెన దగ్గర ఇంకొకటి ఊడిందో, సోలో మీ తమ్ముడిది. నా కడుపులో ఇంకో గుండీకి చోటు లేదు."

దాని దారిన అదే బయటికొస్తుందిలెమ్మని డాక్టరు ఆయన్ని పంపించేశాడు.

సాయంత్రం ఇంట్లో ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

"నా కొలత తప్పంటారా? ఊరందరి పక్కటెముకలు లెక్కపెట్టినదాన్ని, మొగుడి నడుము కొలవలేనా?"

"తప్పనలేదోయ్. ఊదితే ఊడిందన్నాను."

"రండి ఇలా. నిలబడండి." అట్ట అచ్చు తెచ్చి ఒంటికి ఆనించింది. "కదలకండి. ఊపిరి పీల్చండి. బిగపట్టండి. ఇప్పుడు చూసుకోండి! వెంట్రుకంత తేడా ఉంటే చూపించండి!"

వెంట్రుకంత తేడా లేదు.

కిటికీ దగ్గర చిక్కుడుకాయల గిన్నె దభీమని కిందపడింది. అత్తగారు రెండు చేతులతో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు తుడుచుకుని అడిగింది:

"ఏమే అమ్మడూ, అల్లుడు ఈ ఇంట్లో ఊపిరి తీసుకోడా?"

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు. తర్వాత ఒకరివైపొకరు చూసుకున్నారు. బూరాయన నెమ్మదిగా ఊపిరి వదిలాడు. అచ్చు ఛాతీ దగ్గర ఖాళీగా నిలబడిపోయింది. పొట్ట దగ్గర వంగి విల్లులా అయింది.

"అయ్యో రాత!" అంది భార్య. "మీరైనా చెప్పొద్దా?"

"నువ్వు వదలమంటే కదా చెప్పడానికి!"

సరే, జబ్బేదో తెలిసింది కదా, మందు తేలికే అనుకున్నారు. తేలిక కాలేదు. మాట అనకుండా టేపు పట్టుకుని వచ్చినా చాలు, ఆయన ఛాతీ దానంతటదే పొంగేది. "వదలండి" అంటే వదిలేవాడు. టేపు ఆనగానే మళ్లీ పీల్చేవాడు. "నేను కావాలని చెయ్యట్లేదోయ్, అదే వెళ్తోంది లోపలికి," అని బతిమాలుకున్నాడు. అత్తగారు కొలుస్తానని వచ్చింది. అత్తగారు అంత దగ్గర నిలబడితే మర్యాదకు ఇంకా గట్టిగా బిగపట్టాడు. మధ్యాహ్నం భోంచేసి నిద్రపోతున్నప్పుడు పిల్లిలా వెళ్లి కొలవబోయింది భార్య. టేపు వీపు కిందికి దూర్చడానికి "కొంచెం కదలండి" అనబోయి నోరు జారి "కదలకండి" అంది. నిద్రలోనే గురక ఆగిపోయింది. ఎంతకీ మొదలవకపోతే హడిలిపోయి తనే తట్టి లేపింది.

"ఇక లాభం లేదు," అన్నాడు బూరాయన మంచంమీద కూచుని. "మీ తమ్ముడికే ఇచ్చేద్దాం. వాడు ఊదుతాడు. నేను భోం అంటాను. నాకు భోం అనడం బాగానే వచ్చు."

ఆ మాట ఆవిడకు ఎక్కడో గుచ్చుకుంది. వంతెన పాట కాగితం ఆయన దిండు కింద ఉంటుందని ఆవిడకు తెలుసు. పక్కగదిలోకి వెళ్లి, బూరను ఈడ్చుకుంటూ తెచ్చి ఒళ్లో పెట్టింది.

"ఊదండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఊదేవాడు ఊపిరి బిగపట్టలేడుగా!"

ఊదాడు. కిటికీలు గడగడలాడాయి. పక్కింటివాళ్లు తలుపులు వేసుకున్నారు. ఆవిడ టేపు చుట్టి వదులుగా పట్టుకుంది. గాలి లోపలికి పోతుంటే టేపు ఒక అంకె దాకా వెళ్లింది, బయటికి పోతుంటే ఇంకో అంకె దగ్గరికి వచ్చింది. ఛాతీ దగ్గర ఇలా, పొట్ట దగ్గర దానికి ఎదురుగా అలా. ఆవిడ కాగితంమీద లోపలి గీత ఒకటి, బయటి గీత ఒకటి గీసింది. కిటికీ అద్దానికి అంటించి, చాలాసేపు చూసింది.

"ఈ రెండు గీతల మధ్య ఉన్నాడమ్మా మా ఆయన," అంది.

"మధ్యలో కుట్టేస్తావా?" అంది అత్తగారు.

"మధ్యలో కుడితే రెండు వేళలా పట్టదు. రెండు గీతల మీదా కుట్టాలి."

కొత్తగా నీలంబట్ట కత్తిరించి, రెండు పక్కలా, చంక కింద నుంచి నడుము దాకా, హార్మోనియం తిత్తిలా సన్నటి మడతలు పెట్టింది. పీలిస్తే పైన మడతలు విచ్చుకుంటాయి, వదిలితే కిందవి విచ్చుకుంటాయి. వంతెన రోజు పొద్దున దాకా ఆ మడతలకు సూదులు గుచ్చుతూనే, తీస్తూనే ఉంది.

"సూదులన్నీ తీశావా?" అంది అత్తగారు, గుమ్మం దిగుతూ.

"తీశానమ్మా, పద, ఆలస్యమైపోతోంది!"

వంతెన దగ్గర జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. వంతెనకు అడ్డంగా రిబ్బను. దాని ముందు కత్తెర పట్టుకుని ఊరిపెద్ద. పక్కనే వేదికమీద బ్యాండు. ముందు వరస కుర్చీల్లో ఎక్స్‌రే ఆవిడా, ఆవిడ తల్లీ.

"ఏంటి బావా, చొక్కాకు మొప్పలొచ్చాయి?" అన్నాడు బావమరిది.

"ఈదుదామని," అన్నాడు బూరాయన. లోపల గుండె మాత్రం గుండీలకన్నా ఎక్కువగా అదురుతోంది.

మాస్టారు కర్ర ఎత్తాడు. ఒక కన్ను పాటమీద, ఒక కన్ను బూరాయన పొట్టమీద. నోరు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. భోం... భోం... మడతలు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి. గుండీలు కదల్లేదు. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. కర్ర గాలిలో కాసేపు ఊగి, క్లారినెట్‌వైపు ఒక చూపు చూసి, పెద్ద బూరవైపు తిరిగింది.

బూరాయన పాట అందుకున్నాడు. అంత పెద్ద ఇత్తడిగొట్టంలోంచి అంత మెత్తటి పాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. వెనక వరసలో ఇన్నాళ్లూ మింగిన రాగాలన్నీ ఒకటొకటే బయటికొచ్చాయి. అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింది. బావమరిది క్లారినెట్ తుడవడం మరిచిపోయాడు. పాట చివరికొచ్చింది. ఇక పొడుగు స్వరమే మిగిలింది.

ఆయన దానికోసం ఊపిరి తీసుకోబోతుండగా, పక్క మడత విచ్చుకుంది. లోపల ఎర్రగా ఏదో తళుక్కుమంది. ముందు వరసలో ఉన్న భార్య అది చూసింది. ఎర్ర తల గుండుసూది! మొన తిన్నగా పొట్టవైపే ఉంది. ఆ స్వరం ఊదితే పొట్ట వెళ్లి దానిమీదే పడుతుంది.

ఆవిడ లేచి నిలబడింది. నోట్లోంచి ఏ మాట రావాలో ఆలోచించుకునే వ్యవధి లేదు. ఎప్పుడూ వచ్చేదే వచ్చింది.

"కదలకండి! ఊపిరి పీల్చండి! బిగపట్టండి!"

బూరాయన ఒక్కడే బిగపట్టి ఉంటే కథ వేరుగా ఉండేది. బ్యాండు మొత్తం బిగపట్టింది. క్లారినెట్లు, బాకాలు నోట్లోనే ఉండిపోయాయి. డప్పు కర్ర గాలిలో నిలబడింది. ఊరిపెద్ద కత్తెర సగం తెరిచి రాయిలా అయ్యాడు. జనమంతా ఛాతీలు పొంగించి, గడ్డాలెత్తి నిలబడ్డారు. వెనకెక్కడో, గుడారాల కొట్టుకు దారి చూపించిన ఆ కుట్టు సామాను కొట్టువాడు కూడా. కింద ఏరు సైతం ఆగిందని చెప్పేవాళ్లున్నారు గానీ, అంత అబద్ధం నేను చెప్పను. కాస్త నెమ్మదించింది, అంతే.

ఆవిడ ఆసుపత్రిలో నడిచినట్టే తొందర లేకుండా వేదిక ఎక్కింది. మడత పక్కకు తీసింది. సూది లాగి తన కొంగుకు గుచ్చుకుంది. మడత సర్దింది. గుండీలు ఒకసారి తడిమి చూసుకుంది. మెట్లు దిగి, వచ్చి, కూచుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

జనం ఎర్రబడ్డారు. తర్వాత వంకాయ రంగు తిరిగారు.

"వదలమని చెప్పవే!" అని అరిచింది అత్తగారు. ఆవిడొక్కతే కూతురి మాట ఎన్నడూ విననిది. "ఊరు ఊరంతా పోయేలా ఉంది!"

"అయ్యయ్యో! వదలండి! వదలండి!"

వదిలారు. బ్యాండులో ఉన్న ప్రతి గొట్టంలోంచీ ఒకేసారి గాలి దూసుకొచ్చింది. అలాంటి స్వరం ఏ పుస్తకంలోనూ రాసిలేదు. రిబ్బను కత్తెరతో పనిలేకుండా పుటుక్కున తెగి ఎగిరిపోయింది. అదే ఊపుకు, బజారు చొక్కాలు తొడుక్కున్న బ్యాండువాళ్ల గుండీలన్నీ వడగళ్లలా లేచి టపటపా వేదికమీద కురిశాయి. బావమరిది క్లారినెట్ వదిలేసి రెండు చేతులతో చొక్కా పట్టుకున్నాడు. బాకాలవాళ్లూ అంతే. మాస్టారు సైతం కర్ర చంకలో పెట్టుకుని ముందుభాగం మూసుకున్నాడు.

ఒక్కొక్క వాద్యమే ఆగిపోయింది. ఒక్కటి ఆగలేదు. పెద్ద బూరాయన కళ్లు మూసుకుని, మెడ దాకా గుండీలన్నీ చెక్కుచెదరకుండా, మడతలు నింపాదిగా విచ్చుకుంటుండగా, పొడుగు స్వరాన్ని ఏటిమీదుగా పంపుతూనే ఉన్నాడు. అది అవతలి గట్టు చేరింది. చేరిందని అవతల మేస్తున్న మేకలు తలెత్తి చెప్పాయి.

మర్నాడు పొద్దున్నే ఇంటిముందు సందడి. తలుపు తీస్తే మెట్లమీది నుంచి వీధి మలుపు దాకా బ్యాండు వరసగా నిలబడి ఉంది, ఎవరి వాద్యం వాళ్లు పట్టుకుని, చొక్కాలకు గుండీల బదులు పిన్నీసులు పెట్టుకుని. చివర్న ఎటో చూస్తూ బావమరిది.

"అక్కా, నాకు కూడా ఒక అచ్చు..."

"వరసలో రా," అంది అక్క.

అందరికన్నా ముందు మాస్టారు. లోపలికొచ్చి, చేతులు చాపి, ఆవిడ నోరు తెరవకముందే ఛాతీ పొంగించి నిలబడ్డాడు.

"బిగపట్టకండి మాస్టారూ, ఊదుతూ ఉండండి," అంది ఆవిడ.

"నాది కర్రమ్మా. కర్రను ఎలా ఊదను?"

"ఈల వెయ్యి నాయనా, అదీ గాలే," అంది అత్తగారు కిటికీ దగ్గర నుంచి.

మాస్టారు ఈల వెయ్యబోయి ఏదో గుర్తొచ్చి ఆగాడు. జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి బల్లమీద పెట్టాడు. విప్పితే నీలం గుండీ.

"మీదే," అన్నాడు గొంతు సవరించుకుని. "కడిగాను."

ఆవిడ దాన్ని అలవాటుగా వెలుగుకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. మంచి గుండీ. ఏమీ కాలేదు. సూదిలో దారం ఎక్కించి, మొగుడి దగ్గరికెళ్లి, కొత్త చొక్కాకు మెడ దగ్గర, అందరికీ కనపడే చోట ఆనించింది.

"దీన్ని ఇక్కడ పైన కుడదామండీ, గుర్తుగా. మీకేమైనా అభ్యంతరమా? కదలకండి."

అభ్యంతరం చాలానే ఉంది. కానీ పెద్ద బూరాయన ఏమీ అనలేకపోయాడు. అప్పటికే ఊపిరి బిగపట్టేసి ఉన్నాడు.